ఉప్పునీళ్ళ బావికి అర్థం

మొన్న పొద్దున్న నేను కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని పేపరు తిరగేస్తుంటే, మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఫోను చూసుకుంటూ వచ్చింది. ఇక్కడే తెనాలిలో డిగ్రీ చదువుతోంది. మంచి పిల్ల, కాకపోతే పరీక్షలప్పుడు మాత్రమే పుస్తకం గుర్తొస్తుంది. "మామ్మగారూ, ఈ కథలో ఉప్పునీళ్ళ బావి దేనికి ప్రతీకండీ? గైడులో ఒకటుంది, మేడమ్ ఇంకోటి చెప్పారు, ఫోనుని అడిగితే మూడోది చెప్పింది. ఏది రాస్తే మార్కులు పడతాయంటారు?" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆ కథ రాసింది మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. ఆ సంగతి ఆ పిల్లకి తెలియదు. చెప్పడానికి నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. చెబితే, "అయితే అసలు అర్థం మీకు తెలిసే ఉంటుందిగా" అంటుంది. నాకు తెలియదు. ఆ ఇంట్లో తిన్నదాన్ని, ఆ బావి నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నదాన్ని, అయినా తెలియదు. "పేపరు దిద్దేది మీ మేడమే కదమ్మా, ఆవిడ చెప్పిందే రాయి" అన్నాను. ఆ పిల్ల హాయిగా వెళ్ళిపోయింది. నా కాఫీ మాత్రం చల్లారిపోయింది.

పిన్నిని రేపల్లె అవతల, నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెటూరికి ఇచ్చారు. సముద్రం మరీ కనిపించేంత దగ్గర కాదు గానీ, గాలి అటునుంచి వీచినప్పుడు ఆరేసిన బట్టలు ఓ పట్టాన ఆరేవి కావు. నేల కింద నీళ్ళన్నీ ఉప్పే. ఇంటింటికీ బావి ఉండేది. గిన్నెలు తోముకోవడానికి, గొడ్లు కడగడానికి ఆ నీళ్ళు. తాగడానికి మాత్రం ఊరి చివర మంచినీళ్ళ చెరువు నుంచి బిందెలతో మోసుకురావలసిందే. పిన్ని మా ఊళ్ళో ఎనిమిదో తరగతిదాకా చదువుకుంది. దొరికిన వారపత్రికనల్లా చివరి పేజీ అడుగున ప్రెస్సు పేరుతో సహా చదివేది. పెళ్ళయ్యాక కొన్ని కథలు రాసింది. అందులో ఒకటి ఈ బావి కథ. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి అత్తగారింటి బావి నీళ్ళు నోట్లో పెట్టుకోలేక రోజూ చెరువుకు వెళ్తూ ఉంటుంది. దారిలో ఆమె చూసేవీ అనుకునేవీ కథంతా. చివరికి ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి చెరువు దాకా వెళ్ళి, ఖాళీ బిందెతో వెనక్కొచ్చి, పెరట్లో బావిలోంచి చేద వేసి తోడుకుని, ఆ ఉప్పునీళ్ళే గడగడా తాగేస్తుంది. అంతే, కథ అయిపోతుంది. ఎందుకు వెనక్కొచ్చిందో రాయలేదు. తాగాక ఏమనుకుందో కూడా రాయలేదు.

మా బాబాయి వ్యవసాయం తప్ప ఇంకోటి ఎరగని మనిషి. పిన్ని కథలు రాస్తుందని ఆయనకు గర్వమే గానీ చదివే అలవాటు లేదు. పత్రిక వచ్చిన రోజున పిన్ని పేరున్న పేజీ తెరిచి అరుగు మీద పెట్టి, వచ్చినవాళ్ళకి చూపించి, మళ్ళీ జాగ్రత్తగా మూసేవాడు. నేను బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో, ఈ కథను ఏదో మంచి కథల సంకలనంలో వేశారు. తెనాలిలో సభ పెట్టి పిన్నికి శాలువా కప్పుతామన్నారు. కథ గురించి మాట్లాడటానికి వచ్చింది మా తెలుగు లెక్చరర్ గారే. అందుకని నేను బాపట్ల నుంచి ఉత్సాహంగా బయల్దేరి వెళ్ళాను. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మెడ దగ్గర గంజి గుచ్చుకుంటున్నట్టుంది, మాటిమాటికీ కాలరు సర్దుకుంటున్నాడు.

లెక్చరర్ గారు అద్భుతంగా మాట్లాడారు. అది ఇప్పటికీ ఒప్పుకోవాలి. ఈ కథలో బావి బావి కాదన్నారు. నీళ్ళుండీ దాహం తీర్చలేని ఆ బావి, పక్కనే ఉండీ భార్య మనసు తెలియని భర్తకు ప్రతీక అన్నారు. చివర ఆమె ఆ నీళ్ళు తాగడమంటే తన కోరికలన్నీ తనే చంపుకోవడమన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టింది బాబాయి. భార్య కథను అంతమంది మెచ్చుకుంటున్నారన్న సంతోషంలో ఆయనకు మాటలు చెవిలో పడ్డాయి గానీ లోపలికి దిగలేదు. దిగడానికి కొంచెం సమయం పట్టింది. శాలువా కప్పేటప్పుడు చూస్తే ఆయన మొహంలో నవ్వు సగంలో ఆగిపోయి ఉంది.

ఆ సాయంత్రం వాళ్ళతోపాటే నేనూ రేపల్లె పాసింజరెక్కాను. పిన్ని కిటికీ పక్కన శాలువా ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. వేమూరు దాటాక బాబాయి నావైపు వంగి, పిన్నికి వినపడకుండా, "అమ్మాయ్, ప్రతీక అంటే ఏంటమ్మా?" అన్నాడు.

"ఒకటి చెప్పి ఇంకోటి అనుకోమనడం బాబాయ్. పైకి బావి అని రాస్తారు, లోపల వేరే ఉంటుంది" అన్నాను, క్లాసులో రాసుకున్నది అప్పజెబుతున్నట్టు.

"ఆ లోపలిది నేనేనా?"

"కథలో మొగుడు బాబాయ్, నువ్వు కాదు" అన్నాను. "ఆ బావి మా పెరట్లోదే కదమ్మా. పక్కన విరిగిన గట్టు దగ్గర్నుంచి మీ పిన్ని అచ్చంగా రాసేసిందంట. బావి మాదైనప్పుడు మొగుడు మాత్రం వేరేవాడెలా అవుతాడు?" అన్నాడు. దానికి మా సిలబస్‌లో జవాబు లేదు.

తర్వాతి సంగతి నాకు పిన్ని చెప్పింది. బాబాయి ఉన్నట్టుండి పెరట్లో మంచినీళ్ళు పడాలని పట్టుబట్టాడట. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ నీళ్ళు పడే చోటు చెప్పే ఒకాయన్ని పిలిపించాడు. ఆయన పెరడంతా గంభీరంగా నడిచి, పిన్ని కనకాంబరాల మడి మధ్యలో నిలబడి, కాయ నిటారుగా లేచిందన్నాడు. మొక్కలు పీకించి బోరు దింపారు. నీళ్ళు పడ్డాయి, ఉప్పు. ఇంకాస్త లోతుకెళ్తే ఇంకా ఉప్పు. రెండోసారి గొడ్లచావడి వెనక దింపారు. అక్కడా అంతే. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. తరతరాలుగా ఎవరికీ పడని మంచినీళ్ళు ఈయనకెందుకు పడతాయని వాళ్ళ వాదన, అందులో తప్పేమీ లేదు. పిన్నికి పూలమడి పోయినందుకు ఒళ్ళుమండిపోయింది. "ఏంటండీ ఈ తవ్వకాలు? చెరువు ఎండిపోయిందా, నా నడుం విరిగిపోయిందా?" అని అడిగిందట. "మీ బాబాయికి గాలి సోకిందేమోనే" అని నాతో అన్నప్పుడు కూడా, రైల్లో ఆయన అడిగిన మాట నేను పిన్నికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏమో, అది ఆయన నాకు మాత్రమే చెప్పుకున్న మాటలా అనిపించింది.

ఆ తర్వాత ఒక రోజు బాబాయి బాపట్లలో మా కాలేజీకే వచ్చేశాడు. చేతిసంచిలో సపోటాలు తెచ్చాడు, నాకనుకున్నాను. లెక్చరర్ గారికట. స్టాఫ్ రూంలో ఆయన ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, "సార్, మీరు పెద్దవారు. తప్పుగా అనుకోవద్దండి. ఆ బావి మా తాత తవ్వించిందండి. అది నేనెలా అయ్యానో కొంచెం చెబుతారా అండి?" అన్నాడు. నేను గోడకు అతుక్కుపోయాను. లెక్చరర్ గారు నవ్వలేదు, విసుక్కోలేదు. లేచి వెళ్ళి తనే కాఫీ చెప్పొచ్చి, చాలా ఓపిగ్గా మాట్లాడారు. తాను చెప్పింది కథలో భర్త గురించేనని, కథ అచ్చయ్యాక రాసినవాళ్ళ ఉద్దేశంతో దానికి పని ఉండదని, చదివినవాళ్ళకి ఏది తోస్తే అది కూడా అర్థమేనని చెప్పారు. అంతటితో ఆగినా బాగుండేది. నిజాయితీపరుడు కాబట్టి ఇంకొక మాట కూడా అన్నారు. "మీరొచ్చి అడిగాక మళ్ళీ చూస్తే, ఆ అమ్మాయి చివర్లో ఆ నీళ్ళు తాగడం ఆ ఇంటిని తనదనుకోవడం కూడా కావచ్చు. ప్రేమ కూడా కావచ్చు."

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "సార్, సభలో కోరికలు చంపుకోవడమన్నారు. ఇప్పుడు ప్రేమంటున్నారు. నేను దేన్ని పట్టుకోమంటారండి?"

"రెండింటినీ పట్టుకోండి" అన్నారు లెక్చరర్ గారు. అని, తనకే ఆ మాట చాలినట్టు లేదేమో, బస్టాండు దాకా మాతో నడిచి వచ్చారు. బస్సు కదిలేటప్పుడు బాబాయి కిటికీలోంచి చూసిన చూపు నాకింకా కళ్ళముందే ఉంది. చీకట్లో దారి అడిగితే ఒకాయన తూర్పనీ, అదే ఆయన మళ్ళీ పడమరనీ చెప్పినట్టుంది ఆ మొహం.

సెలవులకి నేను వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు విషయం బయటపడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని వంటింటి గడపలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది, నేను పక్కన గింజలు ఏరుతున్నాను. బాబాయి ఆ సంకలనం పట్టుకొచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు. పుస్తకం అంచులు నలిగిపోయి ఉన్నాయి. "నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ బావి నేనా?" అన్నాడు.

పిన్ని ముందు పకపకా నవ్వింది. "అందుకా ఆ బోర్లు! నా కనకాంబరాలు పీకించింది అందుకా!" అంది. ఆయన నవ్వకపోయేసరికి ఆవిడ నవ్వూ ఆగింది. చేతిలో చింతపండు అలాగే ఉంది.

"రాసేటప్పుడు బావి గురించే రాశానండి. నాకింకేం తెలియదు. కానీ ఆ సారు చెప్పిన రోజు నుంచీ నాకూ అనుమానంగానే ఉంది" అంది నెమ్మదిగా.

"అనుమానమంటే?"

"ఏమో. ఆయన చెబుతుంటే, అవునేమో అనిపించింది. ఇంటికొచ్చి మిమ్మల్ని చూస్తే, కాదేమో అనిపించింది."

బాబాయి పుస్తకం అట్ట నిమిరాడు. "మరి చివర్లో ఆ పిల్ల ఆ నీళ్ళెందుకు తాగింది?"

"దాహమేసింది."

"అంతేనా?"

"తాగింది, రాశాను. నేనూ ఒకరోజు అలాగే తాగాను. ఎందుకు తాగానో అప్పుడు తెలిస్తే కథెందుకు రాస్తానండి?"

బాబాయి పుస్తకం పక్కన పెట్టి, "నీకిక్కడ ఎలా ఉందని నేనెప్పుడూ అడగలేదు కదూ" అన్నాడు. "అడగలేదు" అంది పిన్ని. "ఇప్పుడు అడుగుతున్నా." పిన్ని నావైపు చూసింది, ఆయన వైపు చూసింది. "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచి లోపలికెళ్ళింది. పాలు దింపి మళ్ళీ వస్తుందేమోనని ఆయన ఆ పీట మీదే కూర్చున్నాడు. నేను గింజల పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. తర్వాత లోపల ఇద్దరి గొంతులూ వినిపించాయి, మాటలు మాత్రం తెలియలేదు. సాయంత్రం పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది. బాబాయి ఒక్క మాటనకుండా తాగాడు.

ఆ తర్వాత వాళ్ళు ఎలా ఉన్నారంటే, రెండు రకాలుగానూ చెప్పొచ్చు. బాబాయి పిన్ని రాసిన ప్రతి కథా పత్రికకి పంపకముందే చదవడం మొదలుపెట్టాడు. అరుగు మీద ఇద్దరూ కూర్చుని కథ గురించి మాట్లాడుకుంటుంటే, కొత్తగా పెళ్ళైనవాళ్ళలా ఉన్నారని ఊరు వింతగా చూసేది. కానీ కథలో గేదె వస్తే "ఇదెవరు?" అనేవాడు, గొళ్ళెం ఊడిన తలుపు వస్తే "ఇదీ నేనేనా?" అనేవాడు. మొదట్లో పిన్ని నవ్వేది. తర్వాత గేదెను తీసేసేది. ఆ తర్వాత తలుపునీ తీసేసేది. చివరికి రాయడమే మానేసింది. మాటలు దొరికాయి కాబట్టి రాయాల్సిన అవసరం తీరిపోయి మానేసిందో, అనుమానం లేకుండా ఒక్క వస్తువునీ తాకలేక మానేసిందో నాకు తేలలేదు. ఒకసారి అడిగాను. "చత్వారమొచ్చిందే" అంది. అప్పటికింకా చత్వారం వచ్చే వయసు కాదు.

బాబాయి పోయిన కొన్నేళ్ళకి రేపల్లెలో ఆడపిల్లల కాలేజీ వాళ్ళు పిన్నిని పిలిచారు. అప్పటికే ఈ కథ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. తోడుగా నేను వెళ్ళాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఒక అమ్మాయి లేచి, "అమ్మగారూ, ఆ బావికి అసలైన అర్థం ఏంటండీ?" అని అడిగింది. పిన్ని మైకు ముందు తడబడింది. ఏదో చెప్పబోయి మానేసి, "మా ఆయన్ని అడగాల్సిందమ్మా. ఆ కథ నాకంటే ఆయనే ఎక్కువసార్లు చదివారు" అంది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిన్ని కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, వందన సమర్పణ అయ్యేదాకా వదల్లేదు.

ఇప్పుడు పిన్నీ లేదు. ఆ కథ నేను ఇరవైల్లో చదివితే కోపమొచ్చింది, నాకూ సంసారం వచ్చాక చదివితే ఏడుపొచ్చింది, మొన్న ఆ పిల్ల వెళ్ళాక చదివితే రెండూ రాలేదు, ఊరికే మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదవాలనిపించింది. వయసు పెరిగితే అన్నీ వాటంతటవే తేటపడతాయని చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. ఏళ్ళు గడిచాక చూసుకుంటే తేటపడ్డవి చాలా తక్కువ. మిగతావి అర్థం కాకుండానే అలవాటైపోయాయి.