నేను పేరు పెట్టిన చేప

అబద్ధం ఆడటానికి చేపంత అనువైన వస్తువు ఇంకోటి లేదు. పొడవు చూపించడానికి రెండు చేతులు చాలు. నీళ్ళలో ఏం జరిగిందో చూసినవాడు ఉండడు. కూరైపోయాక ఆధారమూ మిగలదు.

నాది కలకత్తాలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో ఉద్యోగం. నిలవుంచిన చేపల సీసాలున్న గది నాది. ద్రావకం తగ్గితే నింపుతాను, మూతలు బిగిస్తాను, వెలిసిపోయిన చీటీలు తిరగరాస్తాను. మిగతా టైములో గది చూడ్డానికొచ్చిన పిల్లలకి కథలు చెబుతాను. ఫలానా సీసాలోని పాముచేప ఓసారి మూత తోసుకుని వచ్చి నా టిఫిన్ డబ్బాలో పడుకుందని ఇప్పటికి ఎందరికి చెప్పానో. విన్నవాళ్ళు సగం నమ్ముతారు. ఆ సగం చాలు నాకు. మా అక్క మాత్రం ఆ సగం కూడా నమ్మేది కాదు. ఒక్కసారి నమ్మింది. ఆ ఒక్కసారి గురించే ఇది.

వానలు మొదలై, వేట నిషేధం ఎత్తేసి, పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిన రోజులు. శనివారం పొద్దున్న ఏక్‌బాల్‌పూర్ బజారుకెళ్ళాను. ఐసు గంపలో కలగాపులగంగా పోసిన చేపల మధ్య రెండు చందువల్లాంటివి కనిపించాయి. చందువలు కావు. ఎత్తు ఎంతో పొడవూ ఇంచుమించు అంతే. పక్కనుంచి చూస్తే పళ్ళెం, ఎదురుగా చూస్తే కత్తి. ఒళ్ళు పాత రాగిచెంబు రంగు. కంటి మీదుగా అడ్డంగా ఒక నల్ల పట్టీ. వెన్నురెక్క నుంచి ఒక సన్నటి పోగు తోక దాటి వేలాడుతోంది. మూతి అలిగిన పిల్లలా ముందుకి పొడుచుకొచ్చింది.

"ఎక్కడిదిది?" అనడిగాను.

"సముద్రంలోది దాదా, ఇంకెక్కడిది?" అన్నాడు చేపలతను, పక్కవాడికి కన్నుగీటి.

రెండూ తీసుకున్నాను. ఒకటి మా విభాగంలో మేడమ్‌కి. రెండోది గార్డెన్ రీచ్‌లో ఉన్న మా అక్కకి.

అక్క ఇంట్లో బాలింత ఉంది. అక్క కూతురు, నా మేనకోడలు, పుట్టింట్లో పురుడు పోసుకుని అప్పటికి తొమ్మిదో రోజు. పాలు సరిగా పడటం లేదు. పసిది ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయేది. మా శ్రీకాకుళం వైపు బాలింతకి పాలు పడాలంటే సొరపిట్టు పెడతారు. చిన్న సొరచేప కోసం అక్క నాలుగు రోజులుగా మెటియాబ్రుజ్ దాకా వెతికిస్తోంది. దొరకలేదు. నేను చేప తీసి పీట మీద పెట్టాను.

"ఏటిరా ఇది? సందువా?"

అవునంటే అయిపోయేది. నా నాలిక ఊరుకోదు కదా.

"ఉత్త సందువ కాదే అక్కా. పాల సందువ. అండమాను కాడ లోతుల్లో ఉంటాది. పిల్లలకి పాలిచ్చే సేప లోకంలో ఇదొక్కటే. అక్కడి జాలరోళ్ళు బాలింతకి సొర పెట్టరు, ఇదే పెడతారు."

"సేప పాలిత్తాదా? నీ నోట్లో పురుగులు పడ!"

"నమ్మకపోతే మానీ. ఉడకబెట్టి సూడు, నీళ్ళు పాలల్లే తెల్లగా తిరుగుతాయి."

మంచం మీంచి మేనకోడలు నవ్వింది. "ధ్యాత్ మావయ్యా! అయితే రెండు చేపల్ని పెరట్లో కట్టేద్దాం, పాలు పోసే గోవాలాని మానిపించేద్దాం."

ఏ చేప తలకాయ ఉడికించినా నీళ్ళు కాస్త తెల్లబడతాయి. అక్కకీ తెలుసు. కానీ ఆ పూట వెల్లుల్లి, మిరియాలు వేసి మరిగించిన గిన్నెలోకి తొంగి చూసి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపల పసిది ఏడుస్తోంది.

"తెల్లగానే అయిందిరా," అంది. గొంతు తగ్గించి అంది.

నేను గెలిచాననుకున్నాను. శనివారం కాబట్టి అక్క నీచు ముట్టదు. నాకు బస్సు టైమైంది. చేప మొత్తం బాలింతే తింది, తలకాయ చీకడంతో సహా.

మా మేడమ్ చేపల మీదే జుట్టు నెరిసిన మనిషి. బెంగాలీ ఆవిడ. మేమిద్దరం బెంగాలీలోనే మాట్లాడుకుంటాం, నన్ను దాదా అంటుంది. నేను తెచ్చిన చేపని మైనం పలక మీద తల ఎడమవైపు ఉండేలా పడుకోబెట్టింది. శాస్త్రంలో చేపలన్నీ ఎడమవైపే చూస్తాయి. రెక్కలు విప్పి గుండుసూదులు గుచ్చి, బ్రష్‌తో మందు రాసింది. అవి బిర్రబిగుసుకుని నిలబడ్డాయి. చచ్చిన చేప ఉలిక్కిపడి లేచినట్టు కనిపించింది.

సూదిమొనతో వెన్నుముళ్ళు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. పుస్తకం తీసింది, ఇంకో పుస్తకం తీసింది. ఒంటి పక్కగా సాగే గీత మీద పొలుసులు లెక్కపెట్టింది. బయట వాన ముదిరి గదిలో లైటు వేయాల్సి వచ్చింది.

"దీన్ని మీ వైపు ఏమంటారు దాదా?"

"పాల చందువ అంటారు మేడమ్, జాలర్లు." పొద్దున్నే పుట్టిన అబద్ధం, ఇంకా వేడిగానే ఉంది.

ఆవిడ రాసుకుంది. తర్వాత పట్టకారుతో మొప్ప ఎత్తి, నోరు తెరిచి, లైటు దగ్గరికి లాగింది. నోటి లోపలంతా నలుపు. సిరాబుడ్డి ఒలికినట్టు, నాలిక నుంచి గొంతు దాకా.

"ఇది ఏ పుస్తకంలోనూ లేదు దాదా. దీని దగ్గరి చుట్టాలు పగడపు దిబ్బల దగ్గర బతుకుతాయి. కానీ ఇది వాటిల్లో ఏదీ కాదు. ఇప్పటిదాకా దీన్నెవరూ రాయలేదు." ఆవిడ మొహం పెళ్ళికూతురి మొహంలా ఉంది. "రెండు కొన్నానన్నావు. రెండోదేది? దాన్నెవర్నీ కోయనీకు."

"అయిపోయింది మేడమ్. తినేశారు."

"ఎవరు?"

"నా మేనకోడలు. పురుడొచ్చి తొమ్మిది రోజులు."

పట్టకారు కింద పెట్టింది. ఆ చిన్న చప్పుడు నాకింకా గుర్తుంది.

దిబ్బల దగ్గరి చేపల్లో కొన్నిటి ఒంట్లో ఒక విషం చేరుతుందని చెప్పింది. రుచి ఉండదు, వాసన ఉండదు, ఎంత ఉడికించినా పోదు. తిన్న కొన్ని గంటలకి పెదవులు చిమచిమలాడతాయి. చల్లనిది ముట్టుకుంటే కాలుతుంది. తల్లి తింటే పాల వెంట బిడ్డకీ వెళ్ళొచ్చు.

"ఇందులో ఉందా మేడమ్?"

"ఎలా చెప్పను? ఈ చేప గురించి తెలిసినవాళ్ళు ఈ లోకంలో మనిద్దరమే. అదీ ఈ పొద్దున్నుంచి."

బస్సెక్కాను. ఖిదిర్‌పూర్ దగ్గర ఓడ దాటడానికి వంతెన తెరిచారు. బస్సు ఆగిపోయింది. ఓడ ఎంత నెమ్మదిగా కదిలిందంటే దాని పక్కల మీది తుప్పు మచ్చలు ఒక్కొక్కటీ చూసే వీలు చిక్కింది. అక్కకి ఫోన్ చేసి చెప్పొచ్చు. జేబులో ఫోన్ ఉంది. చేత్తో పట్టుకునే ఉన్నాను. ఏం చెప్పాలి? పాల చందువ అబద్ధమని చెబితే, అది ఏ చేపో కూడా చెప్పాలి. అది నాకు తెలీదు.

"ఏటి ఇంత బేగి వొచ్చీసావు?" అంది అక్క.

"ఊరికే."

మేనకోడలు బాగానే ఉంది. పసిది కడుపునిండా తాగి నిద్రపోతోందని అక్క మురిసిపోతోంది. "నీ నోరు అబద్దాల పుట్టే గానీ, నీ సేప మంచిదేరా. ఇయ్యాల పాలు పడ్డాయి." గోడకి ఆనుకుని కూర్చుని పసిదాని పొట్ట వైపు చూస్తూ ఉండిపోయాను. పైకి, కిందికి. పైకి, కిందికి. అప్పుడైనా చెప్పాల్సింది. ఏమీ కాకపోతే చెప్పే పనే ఉండదు కదా అనుకున్నాను.

మూడు దాటాక మేనకోడలు చేతులు కడుక్కోడానికి పంపు దగ్గరికెళ్ళి గబుక్కున చేతులు వెనక్కి లాక్కుంది.

"అమ్మా, పంపులో నీళ్ళేటి కాలిపోతున్నాయి?"

అక్క వచ్చి చెయ్యి పెట్టింది. "ఐసల్లే ఉన్నాయి కదే!"

"కాలుతున్నాయమ్మా. పెదాలు కూడా ఏదోలా ఉన్నాయి." మళ్ళీ ఒక వేలు పెట్టి చూసి, నావైపు తిరిగి నవ్వింది. "మావయ్యా, ఏం చేశావు? చెప్పీ. ఇదేదో నీ పనే."

అక్క కూడా నవ్వుతూ నాకేసి చూసింది. నేను చెప్పాను. బజారు దగ్గర్నుంచి మేడమ్ పట్టకారు దాకా, ఏదీ పెంచకుండా, ఏదీ దాచకుండా. సగం దాకా ఇద్దరూ ఇదీ ఒక కథే అనుకున్నారు. తర్వాత అక్క నవ్వు మానేసింది. కూతురి పక్కనుంచి పసిదాన్ని ఎత్తి, దూరంగా పట్టుకుంది, సొంత తల్లి నుంచి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మాట్లాడుతూనే రాసుకుంటున్నాడు.

"ఏ చేప?"

"పేరు లేదు."

"బెంగాలీ పేరు తెలీకపోతే మీ భాషలో చెప్పండి."

నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "ఏ భాషలోనూ లేదు సార్. ఇవాళే కనిపెట్టారు."

ఆయన కలం ఆపి అక్కని అడిగాడు, "ఈయన తాగాడా?"

మేడమ్‌కి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. ఆవిడ తన కాగితాలు చూసి చదువుతోంది, ఆయన రాసుకుంటున్నాడు. మధ్యలో ఆయన ఏదైనా అడిగితే నేను చెప్పాను. ఎత్తు నా జానెడు, పొడవు దానికి రెండు వేళ్ళు ఎక్కువ. రాగిరంగు. నల్ల పట్టీ ఒకటే, రెండు కాదు. నోటి లోపల నలుపు. జానెడు చేపని జానెడని చెప్పడం ఇంత కష్టమని నేనెప్పుడూ అనుకోలేదు.

దీనికి విరుగుడు మందు లేదన్నాడు డాక్టరు. సెలైను పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. తను చెప్పేదాకా బిడ్డకి తల్లిపాలు పట్టొద్దు. కానీ పిండి పారబోస్తూ ఉండాలి, లేకపోతే ఎండిపోతాయి.

పసిది ఆ సాయంత్రం రెండుసార్లు కక్కి, ఏడవడం మానేసి మగతగా పడుంది. నాలుగు రోజులుగా ఆ ఏడుపు ఎప్పుడాగుతుందా అని చూసినవాళ్ళం, ఇప్పుడు ఏడిస్తే చాలనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఏడ్చింది. వార్డులో పక్క మంచాలవాళ్ళు విసుక్కున్నారు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఐదో రోజుకి ఇంటికి పంపారు. మేనకోడలికి పెదాల మంట తగ్గింది, చల్లదనం మాత్రం ఇంకా కాలుస్తూనే ఉంది. స్టీలు గ్లాసు ముట్టుకోవాలంటే గుడ్డ చుట్టుకునేది. పూటపూటా పాలు పిండి మోరీలో పోసేది. ఆ పాల కోసమే కదా నేను అంత కథ అల్లాను.

అటు మేడమ్ చేపని వర్ణించడం సాగుతూనే ఉంది. సీసా మీద ఎర్ర దారం కట్టాం, పేరుకి సాక్ష్యంగా నిలిచే చేప అని గుర్తు. పట్టిన చోటు తెలీదు, బజారులో దొరికింది, అని రాసింది. ఒకరోజు ఆవిడ కాగితం చూపించి, "వాడుక పేరు పాల చందువ, సరిగ్గా రాశానా?" అంది.

"కొట్టేయండి మేడమ్. అది నేను పెట్టిన పేరు."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇది అచ్చయితే ఏమవుతుందో తెలుసా? ఎవరో ఎక్కడో బాలింతకి వండి పెడతారు." ఒక్క గీతతో కొట్టేసింది.

మూడో వారంలో డాక్టరు, "ఇక పట్టొచ్చు, బహుశా," అన్నాడు. ఆ చివరి మాటతో ఇంట్లో అందరం కూర్చుండిపోయాం. మేనకోడలు పసిదాన్ని ఒళ్ళో వేసుకుని పైట సర్దుకుంటూ, డాక్టరు మాట పక్కన పెట్టి, నన్నడిగింది.

"మావయ్యా, పట్టొచ్చంటావా?"

"తెలీదమ్మా."

అక్క లేచి లోపలికెళ్ళింది. ఉగ్గుగిన్నెలో పిండిన పాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగు."

"అమ్మా, ఏటిది!" అంది మేనకోడలు.

"నువ్వూరుకోయే. తాగరా. సాయంత్రందాకా ఇక్కడే కూకో. నీకేటీ అవకపోతే పిల్లకి పెడతాం."

తాగాను. గోరువెచ్చగా, తియ్యగా ఉన్నాయి. అంతకుమించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు. గంటకోసారి అక్క నన్ను పంపు దగ్గరికి తీసుకెళ్ళి చేతులు పెట్టించింది. "ఎలా ఉంది?" "చల్లగా ఉంది." "నిజం సెప్పు." "చల్లగానే ఉందే." నాలుగింటికి కింది పెదవి చిమచిమలాడినట్టనిపించింది. విషమో, భయమో. జన్మంతా లేనివాటిని ఉన్నట్టు చెప్పిన నోటికి, ఉన్నదేదో తనకే అంతుపట్టలేదు.

"ఏటైనా ఉందా?" అంది అక్క. పసిది ఏడుస్తోంది.

"పెదవి కాస్త... నిజమో కాదో తెల్దే."

అక్క తిట్టలేదు. "రేపు మళ్ళీ తాగుదూగాని," అని డబ్బాపాలు కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు తాగాను. ఆ మర్నాడూ తాగాను. ఆ మూడో రోజు సాయంత్రం దాకా పెదవి పెదవిలాగే ఉంది. ఆ మాటే చెప్పాను. అక్క నా మొహంలోకి చాలాసేపు చూసి, కూతురి వైపు తలూపింది.

నేను వరండాలోకి వచ్చేశాను. లోపల ఏడుపు ఆగి గుటకలు మొదలయ్యాయి. అక్క గుమ్మం దగ్గరికొచ్చింది.

"ఎక్కడికిరా? లోపలికొచ్చి సూడు."

వెళ్ళి కూర్చున్నాను. పసిది నిద్రపోయేదాకా చూశాను. నిద్రపోయాక, మళ్ళీ లేచి ఏడ్చేదాకా చూశాను.