ఏలుమలై అన్న హెచ్చరికలు

తాయారుకు ఆ ఆప్షన్ కొత్త పేరు తెలియక కాదు. ఆ పేరు మార్చినవాళ్ళలో ఆమె కూడా ఒకతె. అయినా ముత్తియాల్‌పేటలోని మేడమీది ఆఫీసులో రోజూ పొద్దున రాసిన కోడ్‌ను కూర్చి సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేసేటప్పుడు, అందులో ఏమేం చేర్చాలో చెప్పే ఆప్షన్‌కు కావాలనే పాత పేరు టైపు చేస్తుంది. వెంటనే స్క్రీన్ మీద తిట్టు పడుతుంది: “ఏంది సామీ, ఇంకా పాత పేరేనా? దాన్ని ఎత్తేస్తా ఉండాము. కొత్తది కొట్టు.” ఆ తిట్టు తిన్నాకగాని ఆమెకు టీ రుచించదు.

ఆ మాటలు ఆఫీసులో సీనియరైన ఏలుమలై అన్న రాసినవి. ఆఫీసంతా అరవం మాట్లాడితే, తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళు వీళ్ళిద్దరే. ఇద్దరికీ తెలుగు చదవడం రాదు. అందుకే ఆయన హెచ్చరికలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసిపెట్టాడు. ఎవరైనా తప్పు ఆప్షన్ కొడితే “యాడికి పోతావు సామీ, ఈ దోవ కాదు” అని వచ్చేది. మిగతావాళ్ళు అర్థం కాకపోయినా నవ్వుకుని సాగిపోయేవారు. నిరుడు ఆయన గుండెపోటుతో పోయాడు. ఇప్పుడు ఆఫీసులో తాయారును తెలుగులో పలకరించేవి ఆ వాక్యాలే.

పాత పేర్లను రెండు వెర్షన్లదాకా ఓర్చుకుని, ఆపైన తీసేయాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటే. తాయారు నాలుగో వెర్షన్‌దాకా లాక్కొచ్చింది. అడిగితే తీరిక లేదంటుంది. మనసు రాలేదని చెప్పదుగా!

మొన్నటితో ఆ ముచ్చట తీరింది. పిళ్ళైచావడి జాలర్ల పడవలకు తుఫాను కబురు పంపే సాఫ్ట్‌వేర్ అది. కొత్తగా చేరిన తమిళ్‌సెల్వన్ సైరన్ ఆప్షన్‌ను తప్పు కొట్టాడు. హెచ్చరిక వస్తే అందరిలాగే నవ్వుకుని వదిలేశాడు. బిల్డ్ ఆగలేదు, సైరన్ లేకుండానే పూర్తయింది. పరీక్షలో దొరికింది గనుక సరిపోయింది.

“అక్కా, పాత పేరు కొట్టినా తప్పు పేరు కొట్టినా ఇంక బిల్డ్ ఆగిపోవాల్సిందే. హెచ్చరిక మాట కూడా అందరికీ అర్థం కావాలి,” అంది మేనేజరు దీపా అరవంలో.

తాయారు సరేనంది. పడవల్లో ఉండేది మనుషులు. ఏలుమలై అన్న ఉండుంటే “ఇన్నాళ్ళూ ఏం చేస్తా ఉండావు?” అని తనకే చీవాట్లు పెట్టేవాడని ఆమెకు తెలుసు. ఆయన వాక్యాలు ఒక్కొక్కటే చెరిపి, వాటి చోట పొడి ఇంగ్లీషు ముక్కలు పెట్టింది.

సరిచూడడానికి పాత పేరు కొట్టింది. అలాంటి ఆప్షన్ లేదని చెప్పి బిల్డ్ ఆగిపోయింది. కొత్త పేరు కొట్టింది. ఒక్క మాట లేకుండా బిల్డ్ పూర్తయింది. ఎక్కడా వంక లేదు.

“సరిగ్గానే కొట్టినాను గదన్నా,” అంది తాయారు పైకే.

ఆఫీసులో ఎవరూ తలెత్తలేదు. ఆయన పోయిన రోజున రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.