గురువారం ఎవరిది?

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. విడాకులై రెండేళ్లు. ఎనిమిదేళ్ల కూతురు వారంలో నాలుగు రాత్రులు తల్లి దగ్గర, మూడు రాత్రులు తండ్రి దగ్గర ఉండాలని ఒప్పందం. ఆ రాత్రుల లెక్కను బట్టే ఆయన కట్టే పోషణ ఖర్చు పెరుగుతుంది, తగ్గుతుంది.

ఆ ఏడు కంపెనీ ఓవర్‌టైమ్ ఆపేసింది. కొత్త జీతం చూసి ఖర్చు తగ్గించమని ఫ్యామిలీ కోర్టులో అర్జీ పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే తల్లి, మూడు రాత్రులన్నది ఉత్తమాటనీ, పిల్ల ఆయన దగ్గర ఉండేది రెండేననీ జవాబు రాసిచ్చింది. అది చదివాక ఆయనకు ఒళ్లు మండిపోయింది. "గోరంత దొరికితే కొండంత చేస్తుంది" అని తోటివాళ్ల దగ్గర రుసరుసలాడాడు.

విచారణ రోజు ఇద్దరూ బల్లకు చెరోపక్క కూర్చున్నారు. అధికారిణి కాగితాలు తిరగేసి అడిగింది.

"గురువారాలు పాప ఎక్కడ పడుకుంటుందండీ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. గురువారం రాత్రి ఆయనకు ఎమర్జెన్సీ డ్యూటీ. ఎక్కడ లిఫ్టు ఆగినా పరుగెత్తాలి. పిల్లను ఒంటరిగా వదల్లేక అమ్మమ్మ ఇంట్లో దించుతున్నాడు. పోయినవారం ఆ గుమ్మంలో పిల్ల, "నాన్నా, ఇవాళ నేను ఎవరి వంతు?" అని అడిగింది. ఆ మాట ఆయన్ని ఇంకా వదల్లేదు.

"వాళ్ల అమ్మమ్మ దగ్గరండి. ఏడు నెలల నుంచీ. ఆవిడ రాసింది నిజమే."

"అలాగైతే మీకు తగ్గేది అంతంతమాత్రమే. తెలుసుగా?"

"తెలుసండి."

నర్సు తలెత్తి చూసింది. పోట్లాటకని తెచ్చుకున్న ఫైలు ఒళ్లోనే ఉండిపోయింది.

"డ్యూటీ అని నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా? పిల్లని వదిలించుకుంటున్నావనుకున్నా. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. నాకూ గురువారం నైటే, మారదు. నీది మారుతుందా?"

"అడగాలి."

"ఏడు నెలలూ అడగలేదా? అదే నీ జబ్బు."

అధికారిణి నవ్వు దాచుకుంటూ, పదిహేను రోజులు గడువిచ్చింది.

మర్నాడే ఆయన అడిగాడు. పెళ్లికాని మెకానిక్కొకడు, "నాకు ఏ రోజైతేనేం, పెళ్లామా పిల్లలా" అంటూ గురువారం తీసుకుని తన మంగళవారం ఇచ్చేశాడు. మంగళవారాలు పిల్ల ఎలాగూ తల్లి దగ్గరే. మూడు రాత్రులూ నిజమయ్యాయి. కొత్త లెక్క వచ్చింది. ఆయన ఆశించినంత తగ్గలేదు, ఆమె భయపడినంతా తగ్గలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మొదటి గురువారం సాయంత్రం అమ్మమ్మ ఫోన్ చేసింది. "బాబూ, పిల్ల తిందా?"

"తింది అత్తయ్యా." విడాకులైనా ఆ పిలుపు మారలేదు. "తొమ్మిదో ఎక్కం దగ్గర ఇద్దరం ఇరుక్కున్నాం. మీకేమన్నా గుర్తుందా?"