అద్దె ఇంట్లో వెన్నపండు చెట్టు

మా ఆవిడ నర్సు శిక్షణ నీలగిరి కొండల్లోని ఒక మిషన్ ఆసుపత్రిలో జరిగింది. హాస్టల్ వెనక వెన్నపండు చెట్లు ఉండేవట. ఇప్పుడు అందరూ అవకాడో అంటున్నది అదే. గుజ్జును చెంచాతో తీసి, పంచదార కలుపుకుని తినేవాళ్ళమని పెళ్ళయిన కొత్తలో చెప్పింది. మా సత్తెనపల్లిలో ఆ పండు పేరు విన్నవాళ్ళే లేరు. సొంత చేతులతో పెంచిన చెట్టు పండు ఒక్కటి తినాలని ఆమె కోరిక.

1980లో ఆమె స్నేహితురాలు కొండల నుంచి ఒక పండు తెచ్చింది. దాని గింజకు తుమ్మముళ్ళు గుచ్చి, అడుగు మాత్రం తడిసేలా గాజుగ్లాసు అంచున నిలబెట్టింది మా ఆవిడ. ఆరో వారంలో గింజ పగిలి వేరు దిగింది. అద్దె ఇల్లు కనుక కుండీలోనే ఉంచుదామన్నాను. ఆమె వినలేదు, తొలకరికి పెరట్లో నాటింది. బోరు నీటి ఉప్పుకు ఆకుల అంచులు మాడుతుంటే తాగే నీళ్ళే పోసింది. ఎండాకాలం చుట్టూ పత్తికట్టెతో దడి కట్టేవాళ్ళం.

1986 ఫిబ్రవరిలో చెట్టు నిండా పూసింది. ఒక్క పిందె నిలవలేదు. నేను లెక్కల మాస్టరును. కారణం తేలనిదే ఊరుకోలేను. ఒక రెమ్మకు దారం కట్టి గమనించాను. ఉదయం విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ విచ్చుకున్నాకే పుప్పొడి రాల్చింది; అప్పటికి దాన్ని అందుకోవాల్సిన కీలాగ్రం వాడిపోయింది. ఉదయం పుప్పొడి రాల్చే మరో చెట్టు తోడుంటేనే కాయ నిలుస్తుందని తేల్చాను.

"అయితే ఆ చెట్టు కొమ్మే దీనికి అంటు కడదామండీ," అంది.

స్నేహితురాలు అటువంటి చెట్టును చూసి, పుల్లలను తడిగుడ్డలో చుట్టి పంపింది. గడ్డం బ్లేడుతో కొమ్మ చీల్చి, పుల్ల దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించాను. కట్టిన ఐదింటిలో ఒకటి చిగిర్చింది.

ఆ అంటు పూతకు రాకముందే, మరుసటి జూన్‌లో, ఆమెకు పొదిలి ఆసుపత్రికి బదిలీ అయింది. సామాను ఎక్కిస్తుంటే ఆమె చెట్టు దగ్గరే నిలబడింది.

"చెట్టుక్కూడా అద్దె తీసుకోలేదు కదా సిస్టరమ్మా, పీక్కుపోగలిగితే పట్టుకుపో," అంది ఇంటావిడ నవ్వుతూ. మా ఆవిడా నవ్వింది గానీ, కొన్ని కొమ్మలు కోసి తడిగోనెలో చుట్టుకుంది. పొదిలిలో వాటిని ఇసుకలో గుచ్చి ఎంత సాకినా ఒక్కటీ వేరు పట్టలేదు. అప్పటినుంచి సత్తెనపల్లి మీదుగా వచ్చిన ప్రతివారినీ ఆ ఇంటి పెరటి గోడ మీదుగా చెట్టు కనిపించిందా అని అడిగేది.

1989 ఫిబ్రవరిలో పని మీద అటు వెళ్ళి, ఆ ఇంటికి పోయాను. చెట్టు డాబా ఎత్తు దాటింది. పక్క మిరపచేలో కొట్టిన పురుగుమందు వాసన పెరటి నిండా ఉంది. బస్సు వేళకు అక్కడినుంచి బయలుదేరాను.

ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే అడిగింది.

"చెట్టూ, అంటుకొమ్మా రెండూ పూశాయా?"

"పూశాయి. పదిన్నరకు రెండు పూలూ తెరిచే ఉన్నాయి. అంటుకొమ్మ పుప్పొడి వేలికి అంటింది."

"తేనెటీగలు?"

"లేవు."

"ఎంతసేపు చూశారు?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలు చూసి లేవని ఎలా అంటారండీ?"

నా మాట సవరించుకున్నాను. నాకు కనిపించలేదు, అన్నాను.