వంకలత్తయ్య బ్రేకుల బేరం

మా మేనత్త ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని వంక చెప్పమంటుంది. వంక చెప్పకపోతే కొనదు. చీపురు దగ్గర్నుంచి ఇంటి దాకా ఇదే వరస. అందుకే చుట్టాలందరూ ఆవిణ్ణి ఎదురుగా అత్తయ్య అనీ, చాటున వంకలత్తయ్య అనీ అంటారు.

నిజానికి వంకలు పెట్టేది ఆవిడ కాదు, అవతలివాడి చేత పెట్టిస్తుంది. దుకాణదారు దిండు తీసి, "మేఘంలా ఉంటుందమ్మా" అంటాడు.

"అది సరే నాయనా, దీని వంకేంటి?"

"వంకేం లేదమ్మా."

"అయితే వద్దు."

బయటికొచ్చాక నాకు పాఠం. "ఏ వంకా లేదన్నాడంటే వాడికి తెలియకన్నా ఉండాలి, తెలిసి దాచన్నా ఉండాలి. రెండూ ప్రమాదమే." ఆవిడ చాలాకాలం బట్టల మిల్లులో తనిఖీ పని చేసింది. కింద దీపం వెలిగే బల్ల మీద గుడ్డ పరిచి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ చిల్లు పడిందో వెతకడం. ఉద్యోగం వదిలేసింది గానీ ఆ చూపు వదల్లేదు.

ఇప్పుడున్న ఇల్లూ అలా కొన్నదే. మిగతా యజమానులు మేడల్నీ మెట్లనీ పొగుడుతుంటే, ఒకాయన మాత్రం "వానొస్తే వంటింట్లో కారుతుందండీ" అన్నాడట. అత్తయ్య అక్కడికక్కడే బేరం ఖాయం చేసుకుంది. వానాకాలం వచ్చిందంటే ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో కూర కలుపుతూ, "చూశావా, చెప్పింది చెప్పినట్టే కారుతోంది. పెద్దమనిషి!" అని మురిసిపోతుంది.

నాకు సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లకీ ఇదే మర్యాద. కాఫీలు అందించి, "మావాడి వంకలు చెబుతాను, వినండి" అని మొదలుపెట్టింది. నా గురకతో ప్రారంభించి నా మతిమరుపు దాకా వచ్చేసరికి కాఫీలు చల్లారాయి, సంబంధమూ చల్లారింది. నేనింకా ఆవిడ ఇంటి పై గదిలోనే ఉండడానికి కారణం అదే.

ఇక ఆవిడ కారు. అది నాకు వయసులో తమ్ముడి వరస. బ్రేకు వేస్తే చలిజ్వరం వచ్చినట్టు స్టీరింగు వణికేది. దానికి తోడు కీచుమని అరుపు. ఆ అరుపుకి వీధి మొదట్లో ఉన్న టైలరు ఎన్నిసార్లు వేలికి సూది గుచ్చుకున్నాడో లెక్క లేదు. అన్నాళ్లూ పట్టించుకోని మనిషి, ఒకరోజు ఉన్నట్టుండి బండిని మెకానిక్ దగ్గరికి తోలింది.

మెకానిక్ చక్రం విప్పి పెదవి విరిచాడు. "ప్యాడ్లు అయిపోయాయమ్మా. డిస్కులూ అరిగాయి. ఇదిగో, అంచు దగ్గర గట్టు కట్టింది చూడండి."

డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం. దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ప్యాడ్లు. ఈ చదువంతా నాకు అప్పుడే అబ్బింది.

"ప్యాడ్లు ఒక్కటే మార్చేస్తే పోదూ?" అన్నాను ఆశగా. కొనే వస్తువు ఒకటి తగ్గితే దుకాణాలు సగం తగ్గుతాయి కదా.

"మార్చొచ్చు. కానీ అరిగిన డిస్కు మీద కొత్త ప్యాడు సరిగ్గా కూచోదు. వణుకూ పోదు, అరుపూ పోదు."

అత్తయ్య గభాలున తలెత్తింది. "రెండూ మారుద్దాం. ఏవి మంచివో నేను కనుక్కుని తెస్తాను."

"అప్పటిదాకా మెల్లగా నడపండి. ఆలస్యం మాత్రం చెయ్యకండమ్మా."

ఆ మాట ఎవరితో అంటున్నాడో తెలియదు కదా పాపం.

నేను అచ్చాఫీసులో పొద్దుటి షిఫ్టు చేసేవాణ్ణి. మధ్యాహ్నం అత్తయ్య కారేసుకొచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లేది. ఆ మర్నాడు మా వీధి మలుపులో బండి ఆపి, ఇంజన్ కట్టేసింది.

"దిగు. తొయ్యి."

"దేనికి?"

"గేట్లోకి తిప్పేటప్పుడు నాలుగుసార్లు బ్రేకు నొక్కాలి. తోసుకుంటూ వెళితే నొక్కక్కర్లేదు. నువ్వు తోయడం ఆపితే బండి అదే ఆగుతుంది."

"అరిగినవాటికి పొదుపేంటత్తయ్యా! నా నడుం అరిగిపోదూ?"

"నోరెత్తకుండా తొయ్యి."

నోరెత్తకుండా అంటే నిజంగానే నోరెత్తకూడదు. మూలిగితే వెనక్కి తిరిగి వేలు పెదవుల మీద పెట్టేది. కిటికీలోంచి చెయ్యి చాపి కుడికీ ఎడమకీ సైగలు. నెత్తిన ఎండ, కింద కాలిన తారు. టైలరు గుమ్మంలోకొచ్చి, "పెట్రోలు నేను పోయిస్తాలే బాబూ" అనేవాడు. అలా రోజూ తోశాను. బ్రేకుల బేరం తెమిలితేగా!

మొదటి దుకాణంలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ప్యాడ్లు చూపించి, "వీటికి వంకే లేదు మేడమ్" అన్నాడతను. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బేరం అక్కడితో సరి అని నాకు తెలుసు.

రెండో దుకాణంలో ఇనప పొడి ఎక్కువ కలిసిన ప్యాడ్లు తీశాడు. "గట్టిగా పట్టుకుంటాయమ్మా. వంకంటారా? కొంచెం అరుస్తాయి."

"కొంచెమంటే?"

"అంటే... మామూలుగా."

"ఏదీ, ఒకసారి అరిచి చూపించు."

అతను నాకేసి చూశాడు. నేను గోడ మీద టైరు బొమ్మకేసి చూశాను. ఇక తప్పదని గొంతు సవరించుకుని, "కీ...చ్" అన్నాడు.

"వేగంగా వెళ్లేటప్పుడా, మెల్లగా గేట్లోకి తిప్పేటప్పుడా?"

"వేగంగా వెళ్లేటప్పుడు."

"మరి మెల్లగా?"

"కీ... కీ... కిక్."

దుకాణంలో మిగతా కొనుగోలుదారులు బేరాలు మానేసి మా చుట్టూ చేరారు. పెద్దాయన ఒకాయన, "కాదమ్మా, నా బండికి అవే వేశాను. 'క్రీఁ' అంటాయి" అని సరిదిద్దాడు. ఇంకొకాయన ఆయనతో వాదానికి దిగాడు. అత్తయ్య కళ్లు మూసుకుని ఇద్దరి అరుపులూ శ్రద్ధగా విని, "రెండూ లాభం లేదు" అని తేల్చింది.

మూడో దుకాణంవాడు చిల్లులున్న డిస్కులు తెచ్చాడు. వేడి తొందరగా పోతుందట, పందెం కార్లకి వేస్తారట. ఖరీదు మాత్రం ఎక్కువట.

"జీవితమంతా చిల్లు కనబడితే పక్కన పారేసినదాన్ని. ఇప్పుడు చిల్లుకి ఎదురు డబ్బులివ్వాలా?" అని అత్తయ్య ఆ డిస్కులోంచి వాణ్ణి ఓ కన్నుతో చూసింది.

ఆ తరవాత ఎన్ని దుకాణాలెక్కామో, ఎంతమంది చేత కీచుమనిపించామో చెప్పలేను. చివరికి ఒక ఇరుకు సందులో, ఒక ముసలాయన సిరామిక్ ప్యాడ్లు బయటికి తీశాడు. పింగాణీ కలిసిన రకం. వాటి పక్కన చిల్లులూ గిల్లులూ లేని మామూలు డిస్కులు, కారుతో మొదట వచ్చిన కొలతవే.

"వీటి వంకేంటి?"

"ఖరీదు. చలిలో మొదట రెండుసార్లు కాస్త బద్ధకంగా పట్టుకుంటాయి. పందేలకి పనికిరావు."

"అరుపో?"

"అరవవు. అయితే కొత్తలో సరిగ్గా అలవాటు చెయ్యాలి. చెయ్యకపోతే ఇవీ అరుస్తాయి."

అత్తయ్య ముఖం విప్పారింది. "ఇంకా?"

ఆయన గల్లాపెట్టె తెరిచి చూశాడు. "మా దగ్గర చిల్లర ఉండదమ్మా."

కొనేసింది! నేనా సందులో ఆనందంతో ఒక కుక్కని కౌగిలించుకోబోయాను.

మెకానిక్ బిగించాక, వాటిని అలవాటు చెయ్యడానికి ఊరి బయట ఖాళీ రోడ్డెక్కాం. వేగం పెంచాలి, పూర్తిగా ఆగకుండా నెమ్మది చెయ్యాలి, మళ్లీ పెంచాలి. నేను సీటు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాను. రోడ్డు మీద ఉన్నది ఒక్క సైకిలాయన. మేము ఆయన్ని దాటతాం, నెమ్మదిస్తాం, ఆయన మమ్మల్ని దాటతాడు. ఇలా కొంతసేపయ్యాక ఆయన సైకిలు దిగి, చేతులు జోడించి, "ఏమండీ, నాతో ఏమన్నా పనుందా?" అన్నాడు.

"లేదు నాయనా, నీకు మా బండి అరుపేమన్నా వినిపించిందా?"

"లేదండీ."

"అయితే వెళ్లిరా."

ఆ మధ్యాహ్నం మలుపులో బండి ఆగలేదు. నా నడుం నమ్మలేదు. అత్తయ్య గేటు దగ్గర ముందుకీ వెనక్కీ తిప్పి, బ్రేకు నొక్కి, నొక్కి, బండి నిలబెట్టింది. చప్పుడన్నది లేదు. స్టీరింగు మీద చెయ్యి ఆనించి, తల ఎత్తి, పక్కవాటా కిటికీకేసి చూసింది.

ఆ వాటాలో ఉండేది పసిబిడ్డతో ఒక అమ్మాయి. భర్తకి వేరే ఊళ్లో పని. ఆ అమ్మాయి అప్పుడే గుమ్మంలోకొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి, భుజం మీద పాప గుడ్లు తిప్పుతూ లోకాన్ని చూస్తోంది.

"లేచిందా?" అంది అత్తయ్య కంగారుగా. "చప్పుడు చెయ్యలేదే!"

"మీ బండికి కాదు పిన్నిగారూ, అసలు పడుకోలేదు ఇవాళ." ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "రాత్రంతా జాగారమేనండీ దీంతో. పడుకుంటే మధ్యాహ్నం కాసేపు పడుకుంటుంది. ఒకసారి బ్రేకు చప్పుడుకి లేచిపోతే, ఓపిక లేక ఈ గుమ్మంలోనే కూచుని ఏడ్చాను. పిన్నిగారు చూశారు. ఆ మర్నాటి నుంచీ ఇంక బండి చప్పుడే లేదు. అమ్మేశారనుకున్నా. తరవాత కిటికీలోంచి చూద్దును కదా, మీరు తోస్తున్నారు!"

నేను అత్తయ్యకేసి తిరిగాను. ఆవిడ అద్దం సర్దుకోవడంలో మునిగిపోయింది.

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా అత్తయ్యా! ఎందుకో తెలిస్తే ఇంకా బాగా తోసేవాణ్ణి కదా."

"చెబితే నువ్వు ఊరంతా చెబుతావు. ఈ పిల్ల మొహమాటపడి, 'అబ్బే, ఫరవాలేదు, అరవనివ్వండి' అంటుంది. అయినా ఆ కీచు నాకే పడలేదులే." అని దిగి, వెనక సీట్లోకి మారి, చేతులు చాపింది. "ఇలా ఇయ్యి దాన్ని. నువ్వెళ్లి పడుకో."

"మీరిప్పుడే కదా వచ్చింది..."

"నిద్ర ముందు, మర్యాద తరవాత. వెళ్లు."

ఆ అమ్మాయి వెళ్లింది. కాసేపటికి పాప అత్తయ్య భుజం మీద మెడ వాల్చేసింది, నోరు తెరుచుకుంది. నాకు ఆకలి దంచేస్తోంది. మెల్లగా ముందు తలుపు తెరవబోయాను. బందు దగ్గర 'కిర్ర్' అంది. పాప ఉలిక్కిపడింది. అత్తయ్య చూపుకి నా చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

అలా ఇంటి గేటులోనే, కారులో ఖైదీల్లా కూర్చున్నాం. ఎండ సీటు మీదనుంచి కిందికి దిగిపోయింది. వెనక పాప గురక సన్నగా, హాయిగా వినిపిస్తోంది. లోపల దాని తల్లి కూడా అలాగే నిద్రపోతూ ఉంటుంది.

అప్పుడు నా చెవి దగ్గరికి వంగి అత్తయ్య గుసగుసలాడింది.

"రేపు తలుపుల బందులకి నూనె కొనాలి రా. నాలుగు దుకాణాలు చూద్దాం."