లేటుగా తిరిగిన బస్సు

మా మావయ్యగారికి బస్సు నడపడం రాదు. సైకిల్ తప్ప ఇంకే బండీ ఎరగని మనిషి. అలాంటిది రెండేళ్ళ క్రితం వానాకాలంలో, అరవై దాటిన వయసులో, పెడనలో మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోజూ బందరు నుంచి గుడివాడకి బస్సు తోలేవారు. కంప్యూటర్ గేములో లెండి. ఆ ఆటలో ఉన్నవి ఏ దేశం ఊళ్ళో నాకూ తెలియదు. ఆయన మాత్రం మొదటి స్టాపు పెడన అనీ, వంతెన దాటాక వచ్చేది గూడ్లవల్లేరు అనీ ఖాయం చేసేసుకున్నారు. వంటింట్లో ఉన్న నాకు వినపడేది. "గూడ్లవల్లేరు! దిగేవాళ్ళు ముందుకి రండమ్మా, మళ్ళీ ఆపమంటే ఆపను."

ఆట అలవాటు చేసిన పాపం నాదే. నేను ఇంట్లో కూర్చుని బళ్ళకి ప్రశ్నపత్రాలు టైపు చేసిపెడతాను. దానికోసం సెకండ్ హ్యాండులో కొన్న కంప్యూటర్ అది. మావయ్యగారిది కలంకారీ అద్దకం పని. వానలు పట్టుకుంటే గుడ్డ ఆరదు, షెడ్డు మూతపడుతుంది, మనిషికి కాలూ చెయ్యీ ఆడదు. అలాంటప్పుడు వచ్చి నా కుర్చీ వెనకాల కూర్చునేవారు. ఊరికే చూస్తూ. వెనకాల ఒకరు కూర్చుని చూస్తుంటే నాకు వేళ్ళాడవు, ఒళ్ళు మండుతుంది. వెళ్ళండని ఎలా చెప్తాం? అత్తయ్యగారు పోయాక ఆయనకి మాట్లాడే దిక్కు లేదు. అందుకని నా టైపింగు అయిపోయిన తర్వాత ఆ బస్సు ఆట పెట్టి కుర్చీ ఇచ్చేశాను. రెండు రోజుల్లో నాకంటే బాగా నడపసాగారు. నలభై ఏళ్ళు చెక్క అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దిన చెయ్యి అది. నల్లగీత మీద ఎరుపు నూలుపోగంత పక్కకి జరిగినా ఆ గుడ్డ ఆయన కంటికి ఆనదు. అలాంటి మనిషి బస్సుని స్టాపు గీత మీద ఆపకుండా ఎక్కడ ఆపుతారు?

మా ఆయన కలంకారీ బట్టలు పట్టుకుని బెంగుళూరులో ఎగ్జిబిషన్‌కి వెళ్ళారు. ఇంట్లో నేనూ మావయ్యగారూ. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పిలిచారు.

"అమ్మాయ్, బస్సు లేటుగా తిరుగుతోందమ్మా. నేను నొక్కిన తర్వాత ఎప్పటికో తిరుగుతోంది."

వెళ్ళి చూశాను. నిజమే, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. పాత కంప్యూటర్, బరువైన ఆట, అందులో వింతేముంది? కానీ అప్పుడే ఇంకొకటి కూడా చూశాను. ఆయన కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నారు. ఎన్నడూ లేదు. కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంది కదా అందుకే అనుకున్నాను. అనుకున్నానే గానీ, ఆయన ఆ గ్లాసు కింద పెట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

దానికి కారణం ఉంది. మా పుట్టిల్లు గుడివాడ. మా నాన్న పక్షవాతంతో ఆరేళ్ళు మంచం మీద ఉన్నాడు. మొదలైంది చేతిలోంచి గ్లాసు జారడంతోనే. ఆ ఆరేళ్ళూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో నాకు తెలుసు గనక, అటువైపు ఆలోచన పోకుండా తలుపు వేసేసుకున్నాను. కంప్యూటర్ నెమ్మదిగా ఉంది. అది నిజం కూడాను. నిజం దొరికింది కదా అని దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

బాగుచెయ్యడం మొదలుపెట్టాను. ముందు తెర మూలన ఒక అంకె కనపడేలా పెట్టాను. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె అది. పన్నెండు, పదమూడు దగ్గర కొట్టుకుంటోంది. ముప్ఫై ఉంటే గానీ ఆట సాఫీగా నడవదు. సెట్టింగులు తెరిచి చెట్ల నీడలు తీసేశాను. వాన తీసేశాను. బస్సు అద్దాల్లో కనపడే ప్రతిబింబాలు తీసేశాను. బొమ్మ నాణ్యత కూడా తగ్గించాను. అంకె పంతొమ్మిదికి వచ్చింది.

"జనాన్ని కూడా తీసేశావేంటమ్మా? స్టాపులో ఒక్కడూ లేడు."

"జనం ఉంటే బరువండీ."

"జనం లేకపోతే బస్సెందుకమ్మా?"

నవ్వాను. నవ్వుతూనే ఆయన కుడిచెయ్యి వైపు చూసి, మళ్ళీ తెర వైపు తిరిగిపోయాను.

మర్నాడు వెనకాల నడుస్తున్నవన్నీ ఆపాను. నా టైపింగు సాఫ్ట్‌వేరు, వైరస్ చూసేది, ఎవరు పెట్టారో తెలియని ఇంకో నాలుగు. అంకె ఇరవై మూడు. ఇంకా లేటే అన్నారు. కరెంటు పొదుపు చేసే సెట్టింగు ఉంటే మార్చాను. ఇంకా లేటే. నాకు చిరాకొచ్చేది, గయ్యిమనేదాన్ని. "కొంచెం ముందుగా నొక్కచ్చు కదా మావయ్యగారూ" అని కూడా అన్నాను ఒకసారి. ఆయన పాపం ముందుగానే నొక్కడం మొదలుపెట్టారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది.

తర్వాత కంప్యూటర్ డబ్బా విప్పాను. మా ఊళ్ళో సముద్రపు గాలికి ఇనుము ఊరికే చిలుం పడుతుంది, లోపల ఫ్యాను దుమ్ముతో అట్టకట్టుకుపోయి ఉంది. అచ్చులు శుభ్రం చేసే బ్రష్షు ఒకటి మావయ్యగారే తెచ్చిచ్చారు. విప్పిన నాలుగు స్క్రూలు ఆయన కుడి అరచేతిలో పోశాను, చేతికి చెయ్యి తగలకుండా పైనుంచి. దుమ్మంతా దులిపి చెయ్యి చాస్తే, ఆయన తన అరచెయ్యి నా ముందు పెట్టారు. అందులో ఒక్కటే ఉంది. మిగతా మూడూ కుర్చీ కింద పడున్నాయి. పడినట్టు ఆయనకి తెలియదు. ఖాళీ చేతిని అలాగే, ఏదో ఉన్నట్టు జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నారు.

నేను కిందకి వంగి స్క్రూలు ఏరుకున్నాను. లేవడానికి భయమేసింది. లేస్తే ఆయన మొహం చూడాలి. గచ్చు మీద అలాగే ఎంతసేపు వెతికానో, మూడు స్క్రూలకి.

ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో కోడలు మావయ్య చెయ్యి పట్టుకోదు. కాఫీ కూడా బల్ల మీద పెట్టి వస్తాం, చేతికివ్వం. ఎవరూ చెప్పిన రూలు కాదు, అలా పెరిగాం అంతే. కంప్యూటర్‌నైతే విప్పి లోపల చూడగలను. "ఏదీ, మీ చెయ్యివ్వండి, నా వేలు గట్టిగా నొక్కండి" అని ఆయన్ని అడగలేను. అడగలేకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో కూడా చెప్పాలి. మర్యాద చాటున దాక్కున్నాను. మా ఆయన రోజూ ఫోన్ చేసేవారు. "నాన్న ఎలా ఉన్నారు?" "బస్సు తోలుతున్నారు." ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పెట్టేశాక వెళ్ళి ఇంకో సెట్టింగు వెతికేదాన్ని.

తొమ్మిదో రోజు పొద్దున బందరు వెళ్ళి వాడిన మెమరీ చిప్పు ఒకటి తెచ్చి పెట్టాను. అంకె ఒక్కసారిగా నలభై ఒకటికి ఎక్కింది. దిగలేదు. వంతెన మీద నలభై, ఊళ్ళో ముప్ఫై తొమ్మిది. బస్సు వెన్నలా జారుతోంది. అన్నం కూడా తినకుండా మావయ్యగారిని పిలిచి కూర్చోబెట్టాను. బయట సన్నగా వాన పడుతోంది.

బయల్దేరారు. మొదటి మలుపులోనే బస్సు రోడ్డు దిగి గోడని గుద్దింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే గుద్దింది. మూలన అంకె నలభై.

"ఇంకా లేటేనమ్మా," అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. "లేవండి, నేను చూస్తాను" అని కూర్చున్నాను. మలుపు వచ్చింది. నొక్కితే తిరుగుతుందని నాకు తెలుసు. అందుకే నొక్కలేదు. కావాలనే ఆగి, ఆగి, గోడ దగ్గరకొచ్చాక నొక్కాను. బస్సు గుద్దుకుంది.

"చూశారా? కంప్యూటరే. పాతదైపోయింది," అన్నాను.

ఆయన తెర వైపు తిరగకుండానే అన్నారు, "నువ్వు కావాలనే లేటుగా నొక్కావమ్మా. నీ వేలు చూస్తూనే ఉన్నాను."

నూలుపోగు తేడా పట్టుకునే మనిషి దగ్గర నేను ఆడిన నాటకం అది. ఏడుపొచ్చేసింది. ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. నాకున్న భయమే. అంటే ఆయనకీ ముందే తెలుసు. తొమ్మిది రోజులుగా ఆయన కూడా "బస్సు లేటు" అంటూ నాకు చెబుతున్నది ఇదే కాబోలు.

"చెయ్యివ్వండి మావయ్యగారూ."

ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నారు. తటపటాయించి, చాపారు. రెండు చేతులూ పట్టుకుని గట్టిగా నొక్కమన్నాను. ఎడమచెయ్యి నా వేళ్ళు విరిచేలా నొక్కింది. కుడిచెయ్యి మెత్తగా, నిద్రపోతున్న పిల్లాడి చెయ్యిలా ఊరికే ఉండిపోయింది. పళ్ళు బిగించి నొక్కుతున్నారు, మెడ నరాలు తేలాయి. ఆ చెయ్యి మాత్రం ఎప్పటికో, చాలా ఆలస్యంగా, కొంచెం మూసుకుంది.

ఆటో మాట్లాడి బందరు తీసుకెళ్ళాను. దారిలో ఆయన కుడివైపుకి ఒరిగిపోతుంటే భుజం పట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా చూస్తారేమోనని ఒక్కసారి కూడా అనిపించలేదు. మా ఆయనకి ఫోన్ చేసి "నాన్నగారికి చెయ్యి స్వాధీనంలో లేదు, ఆస్పత్రికి వెళ్తున్నాం" అన్నాను. ఎప్పటినుంచి అని అడిగేలోగా సిగ్నల్ లేదన్నట్టు పెట్టేశాను.

ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేస్తుండగా మా ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. డాక్టరు చెప్పేది ఆయన కూడా వింటారని స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నాను.

"తలకి ఏమైనా దెబ్బ తగిలిందా?" అని డాక్టరు అడిగారు.

"షెడ్డు దూలం తగిలిందండి, ఒక నెల కితం. బొప్పి కట్టింది, తగ్గిపోయింది. ఇంట్లో చెప్పలేదు," అన్నారు మావయ్యగారు. మాట అప్పటికే కొద్దిగా ముద్దగా వస్తోంది.

"చెయ్యి ఇలా అవడం ఎప్పుడు మొదలైంది?"

నేను నోరు తెరిచేలోగా మావయ్యగారే అందుకున్నారు. "ఇవాళేనండి. పొద్దున. మా కోడలు చూడగానే తీసుకొచ్చేసింది."

నా వైపు చూడకుండా అన్నారు. నన్ను కాపాడుతున్నారు. మంచం మీద పడుకుని, చెయ్యి లేవకుండా, నన్ను కాపాడుతున్నారు.

"టైము కరెక్టుగా చెప్పండి పెద్దాయనా. ఏం చెయ్యాలన్నది దాన్నిబట్టే ఉంటుంది."

"ఇవాళేనండి."

ఫోన్లోంచి మా ఆయన గొంతు వినపడింది. "ఇవాళేనా? హమ్మయ్య. టైముకి తీసుకెళ్ళావే. నువ్వు లేకపోతే ఏమయ్యేదో."

ఎంత సులువుగా ఉందో. ఊరుకుంటే చాలు. అంత తియ్యటి మాట నా పెళ్ళయ్యాక ఆయన నాతో అనలేదు. డాక్టరు పెన్ను కాగితం మీద ఆనింది.

"కాదండి," అన్నాను. "తొమ్మిది రోజులైంది. మొదటి రోజే నేను చూశాను."

డాక్టరు నావైపు ఒకసారి చూసి, రాసుకున్నారు. మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఫోన్లో లైను ఉంది, బెంగుళూరులో ఎవరో బేరం ఆడుతున్న మాటలు మాత్రమే వినపడుతున్నాయి.

స్కానులో తల లోపల, పుర్రె కింద, రక్తం చేరి మెదడుని నొక్కుతోందని తేలింది. ఆ దెబ్బ తాలూకుదే, కొంచెం కొంచెంగా ఊరింది. ఆ సాయంత్రమే అంబులెన్సులో బెజవాడ పంపారు, ఆపరేషన్ చేసి తీసేశారు. పక్షవాతం కాదు. మనిషి దక్కారు. నెల తిరిగేసరికి తన గ్లాసు తను పట్టుకున్నారు. చెయ్యి వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. ఇప్పుడు నల్లగీత ఆయనే వేస్తారు, దాని మీద ఎరుపు మాత్రం పక్క టేబుల్ అతనికి ఇచ్చేస్తారు. ఎందుకిస్తున్నారని అడిగితే కళ్ళు కనపడటం లేదంటారు.

ఇంకొన్ని రోజులు ముందు తీసుకెళ్ళి ఉంటే ఆ ఎరుపు కూడా ఆయనే వేసేవారా? డాక్టర్ని అడగలేదు. అడిగితే చెప్తారేమోనని. మా ఆయన కూడా ఆ తొమ్మిది రోజుల గురించి నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అడగలేదు. అన్నం తింటూ ఆయన నావైపు తలెత్తిన ప్రతిసారీ, ఇప్పుడు అడుగుతారు అనుకుంటాను. పెరుగు వెయ్యమంటారు, అంతే.