మిర్చి బస్తాలెక్కిన లిఫ్టు

నేను కాపురానికొచ్చిన కొత్తలో, మోకాళ్ల నొప్పులతో మేడెక్కలేని మా అత్తయ్య కోసం లిఫ్టు కొందామని గుంటూరులో ఓ షోరూముకి వెళ్లాం. అత్తయ్యకి గాలాడే గ్రిల్ తలుపు లిఫ్టు నచ్చింది.

"కోళ్లగూడులా ఉందే!" అని మావయ్య కొట్టిపారేశారు. ఆయనకి నాలుగువైపులా మూసిన స్టీలుదే కావాలి.

మిర్చి వ్యాపారి కదా, బరువేసి చూడందే దేన్నీ నమ్మరు. యార్డు నుంచి మిర్చి బస్తాలు తెప్పించి, స్టీలు లిఫ్టులో వేయించి, తానూ ఎక్కారు. సగం పైకి వెళ్లగానే కరెంటు పోయింది. ఆ కుదుపుకి ఓ బస్తా మూతి ఊడినట్టుంది, లోపల్నుంచి ఒకటే తుమ్ములు! షోరూమువాళ్లు లిఫ్టును చేత్తో దించడానికి పైకి పరిగెత్తారు.

అత్తయ్య మాత్రం కుర్చీని లిఫ్టు తలుపు దగ్గరికి జరుపుకుని నింపాదిగా అడిగారు.

"ఏమండీ, ఇంతకీ ఏది కొందాం?"

"నీ ఇష్టమే... హాచ్! ముందు నన్ను బయటికి తియ్యమనవే!"

"గ్రిల్లుదేనా?"

"కోళ్లగూడే కొందామే తల్లీ... హాచ్!"

ఇప్పటికీ కరెంటు పోయి మా లిఫ్టు మధ్యలో ఆగితే, అత్తయ్య గ్రిల్ సందులోంచి చెయ్యి చాపి కాఫీ అడుగుతారు. మావయ్యే తెచ్చిస్తారు.

మొగుడి దగ్గర మాట నెగ్గాలంటే గొంతు పెంచక్కర్లేదు, కరెంటు పోయేదాకా ఆగితే చాలు. కొత్త కోడలిగా నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.